కొండ మొక్క కొత్త చోట కనిపిస్తే?

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. శేషాచలం కొండల్లో తప్ప మరెక్కడా పెరగదని పుస్తకాలు చెప్పే మొక్క ఒకటి మీకు ఏలూరుకు ఉత్తరాన ఉన్న పాపికొండల్లో కనిపించిందనుకోండి. అప్పుడు ఏమనుకోవాలి? మన కళ్ళు మోసపోయాయనా? ఎవరో తెచ్చి నాటారనా? ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉన్నా ఎవరి కంటా పడలేదనా? లేక ఎలాగో ప్రయాణం చేసి వచ్చిందనా?

వీటిలో ఏదైనా నిజం కావచ్చు. ఏది నిజమో తేల్చడానికి వృక్షశాస్త్రజ్ఞులు ఒక పద్ధతి ప్రకారం వెళతారు. ఆ పద్ధతిని అర్థం చేసుకుంటే ఒక చిన్న మొక్క వెనుక ఎంత చరిత్ర, ఎంత భూగోళం దాగి ఉన్నాయో తెలుస్తుంది.

మొక్కకూ ఒక చిరునామా

మనకు ఊరూ పేటా ఉన్నట్టే ప్రతి మొక్క జాతికీ అది సహజంగా పెరిగే ప్రాంతం ఒకటి ఉంటుంది. దాన్ని ఆ జాతి 'వ్యాప్తి' అంటారు. కొన్నిటి వ్యాప్తి చాలా పెద్దది. కొల్లేటి గట్ల వెంట గుబురుగా పెరిగే జమ్మును చూడండి. జమ్ము ప్రజాతికి చెందిన మొక్కలు అంటార్కిటికా తప్ప మిగిలిన ఖండాలన్నిటిలోనూ ఉన్నాయి. కిక్కిస సంగతీ దాదాపు అంతే.

నీటి దగ్గర పెరిగే మొక్కలు ఇంత దూరం ఎలా వ్యాపించాయి? జమ్ము విత్తనాలకు దూది వంటి నూగు ఉంటుంది కనుక అవి గాలిలో తేలిపోతాయి. దానికితోడు పక్షుల సాయం కూడా ఉంది. చార్లెస్ డార్విన్ ఒకసారి ఒక చిన్న చెరువు అంచునుంచి మూడు పెద్ద చెంచాల బురద తీసి, ఆరు నెలలు తన గదిలో మూతపెట్టి ఉంచాడు. మొలిచిన ప్రతి మొక్కనూ పీకి లెక్కపెడుతూ వచ్చాడు. మొత్తం 537 మొక్కలు మొలిచాయి! ఆరబెడితే ఆ బురద బరువు 190 గ్రాములు మాత్రమే. బురదలో తిరిగే పక్షుల కాళ్ళకు అంటుకుని ఈ విత్తనాలు చాలా దూరం పోగలవని 1859లో వెలువడిన తన గ్రంథంలో ఆయన వివరించాడు. శీతాకాలంలో కొల్లేటికి వచ్చే బాతులను తలచుకుంటే ఈ మాట మీకు వెంటనే అర్థమవుతుంది. ఒక చెరువులో తిరిగిన పక్షి ఎగిరిపోయి వాలేది మరో చెరువులోనే. అంటే విత్తనం సరిగ్గా తనకు కావలసిన చోటికే చేరుతుంది.

కొన్ని మొక్కలను మనుషులే మోసుకొచ్చారు. కాలువలను కప్పేసే గుర్రపుడెక్క దక్షిణ అమెరికా మొక్క. ఊదా రంగు పూలు అందంగా ఉన్నాయని జనం దాన్ని దేశదేశాలకు తీసుకువెళ్ళారు. ఇప్పుడు దాన్ని వదిలించుకోలేక అవస్థ పడుతున్నాం.

అయితే కొండ మొక్కల కథ వేరు.

కొల్లేటి లంకలు, కొండ శిఖరాలు

సముద్ర మట్టం నుంచి పైకి వెళ్ళేకొద్దీ గాలి చల్లబడుతుంది. సుమారుగా ప్రతి వెయ్యి మీటర్లకు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుందని లెక్క. కొల్లేరు దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది. అరకు దారిలోని గాలికొండ ఎత్తు 1643 మీటర్లు. 1.643ను 6.5తో గుణించి చూడండి. కొల్లేటి కంటే గాలికొండ శిఖరం పది డిగ్రీలకు పైగా చల్లగా ఉండాలి. నీలగిరులలోని దొడ్డబెట్ట ఎత్తు 2637 మీటర్లు. అక్కడ తేడా దాదాపు 17 డిగ్రీలు.

ఇప్పుడు వర్షాకాలంలో నిండిన కొల్లేటిని ఊహించుకోండి. చుట్టూ నీళ్ళు, మధ్యలో లంక గ్రామాలు. ఒక లంక నుంచి మరో లంకకు నడిచి పోలేరు, పడవ కావాలి. చల్లని కొండ శిఖరాలు కూడా ఇటువంటి లంకలే. వాటి చుట్టూ ఉన్నది నీరు కాదు, మైదానపు వేడి. చల్లదనానికి అలవాటుపడిన మొక్క విత్తనం మైదానంలో పడితే మొలవదు, మొలిచినా మొదటి వేసవికే మాడిపోతుంది. చెరువు నుంచి చెరువుకు పోయే బాతులా కొండ నుంచి కొండకు విత్తనాన్ని సరిగ్గా చేరవేసే వాహనం అరుదు. అందుకే చాలా కొండ మొక్కలు ఒక్క కొండల వరుసకే పరిమితమై ఉంటాయి.

కనుక అటువంటి మొక్క వేరొక కొండ మీద కనిపిస్తే శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపోతారు. వెంటనే నాలుగు ప్రశ్నలు వేస్తారు.

మొదటి ప్రశ్న: నిజంగా అదే మొక్కా?

శేషాచలం కొండల్లో 'పేరిత' అనే మొక్క ఉంది. చూడటానికి పొట్టి ఈత చెట్టులా ఉంటుంది గాని ఈతకూ దానికీ చుట్టరికం లేదు. అది సైకస్ ప్రజాతికి చెందినది. పూలు పూయదు, శంకువులు వేస్తుంది. రాక్షసబల్లుల కాలంలోనే భూమి మీద ఉన్న ప్రాచీన వర్గం అది. మద్రాసు రాజధాని అటవీ శాఖలో పనిచేసిన బెడ్డోమ్ దీన్ని కడప కొండల్లో సేకరించారు. ఆయన పేరు మీదుగా 1883లో ఇంగ్లండులోని శాస్త్రజ్ఞుడు థిసెల్టన్ డయర్ దీనికి 'సైకస్ బెడ్డోమీ' అని పేరు పెట్టారు.

ఈ మొక్క ఆకుల్లోని సన్నని పత్రకాల అంచులు కిందికి ముడుచుకుని ఉంటాయి. అటువంటి సైకస్ ఒకటి వేరే చోట కనిపించగానే 'ఇదే పేరిత' అనవచ్చా? అనకూడదు. మన ఇళ్ళ ముందు, పార్కుల్లో పెంచే సైకస్ జపాన్ దేశపు జాతి. దాని పత్రకాల అంచులూ కిందికి ముడుచుకునే ఉంటాయి! ఉత్తరాంధ్ర కొండల్లోనూ, ఒడిశా కొండల్లోనూ సహజంగా పెరిగే సైకస్‌లు వేరే ఉన్నాయి. కాబట్టి ఒక్క లక్షణం చాలదు. సైకస్‌లలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ మొక్క శంకువునూ, ఆడ మొక్కపై విత్తనాలు మోసే ప్రత్యేకమైన ఆకులనూ కూడా పరిశీలిస్తేనే జాతి తేలుతుంది.

ఇందుకే హెర్బేరియం అనేది ఏర్పడింది. కొమ్మను ఆకులు, పూలు, కాయలతో సహా కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి, దళసరి కాగితానికి అతికించి, ఎక్కడ, ఏ తేదీన, ఎంత ఎత్తులో, ఎవరు సేకరించారో రాసి భద్రపరుస్తారు. సరిగా కాపాడితే ఇటువంటి నమూనా రెండు వందల ఏళ్ళయినా చెక్కుచెదరదు. కోయంబత్తూరులోని మద్రాసు హెర్బేరియంలోనూ, హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియంలోనూ మన కొండల మొక్కలు ఇలా దాచి ఉన్నాయి. కొత్త చోట దొరికిన కొమ్మను ఆ పాత నమూనాల పక్కన పెట్టి పోల్చి చూస్తారు. 'చూశాను' అన్న మాట ఒక్కటే చాలదు. చూసినది మరొకరు మళ్ళీ పరీక్షించగలగాలి. అదే శాస్త్రానికి పునాది.

రెండో ప్రశ్న: ఎవరైనా తెచ్చి నాటారా?

ఈ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో స్కాట్లండులో జరిగిన ఒక వ్యవహారం చెబుతుంది. ఆ దేశపు పశ్చిమ తీరం దగ్గర రమ్ అనే కొండల ద్వీపం ఉంది. న్యూకాజిల్‌లో వృక్షశాస్త్ర ఆచార్యుడైన హెస్లప్ హారిసన్ 1930ల నుంచి అక్కడికి విద్యార్థులతో వెళ్ళి పరిశోధనలు చేసేవాడు. ఆయన రాయల్ సొసైటీ సభ్యుడు, పేరున్న మనిషి. ఆ ప్రాంతంలో ఎవరూ ఎన్నడూ చూడని అరుదైన మొక్కలు తమకు రమ్‌లో దొరికాయని ఆయన ప్రకటించసాగాడు. వాటిలో ఒకటి ఆల్ప్స్ వంటి చల్లని ఎత్తైన కొండల్లో పెరిగే చిన్న కేరెక్స్ మొక్క. కేరెక్స్ అంటే మరేదో కాదు, మన చేలల్లోనూ కొల్లేటి అంచుల్లోనూ పెరిగే తుంగ ఉన్న కుటుంబానిదే.

ఆచార్యునికి ఒక సిద్ధాంతం ఉంది. గడిచిన మంచు యుగంలో బ్రిటన్‌ను చాలామేరకు మంచు కప్పేసినా ఈ ద్వీపాల్లో కొన్ని భాగాలు తప్పించుకున్నాయనీ, అక్కడ పాత మొక్కలు బతికి బయటపడ్డాయనీ ఆయన నమ్మకం. దొరికిన ప్రతి అరుదైన మొక్కా ఆ సిద్ధాంతానికి బలం చేకూర్చింది. మరీ అంత చక్కగా అతకడమే కొందరికి అనుమానం కలిగించింది.

1948లో కేంబ్రిడ్జిలో ప్రాచీన గ్రీకు విద్య బోధించే జాన్ రేవెన్ ఆ ద్వీపానికి వెళ్ళాడు. ఆయన వృత్తిరీత్యా వృక్షశాస్త్రజ్ఞుడు కాడు. మొక్కల మీద ఇష్టంతో సొంతంగా నేర్చుకున్నవాడు. అరుదైన మొక్క ఉందన్న చోటికి పోయి, మొక్కను మాత్రమే చూసి ఊరుకోలేదు. దాని మొదట్లో ఇంకేం పెరుగుతున్నాయో చూశాడు. చుట్టుపక్కల ఎక్కడా లేని, తోటల్లో పెరిగే కలుపు మొక్క అక్కడ కనిపించింది. మన దగ్గర నర్సరీ నుంచి గులాబి అంటు తెచ్చి నాటితే దాని మట్టితోపాటు నర్సరీ గడ్డి కూడా మన పెరట్లో మొలుస్తుంది కదా! ఇదీ అలాంటిదే. కొన్ని మొక్కలను ఎవరో తెచ్చి నాటారనే నిర్ణయానికి రేవెన్ వచ్చాడు. ఆయన నివేదికను అప్పట్లో అచ్చువేయలేదు, కళాశాల గ్రంథాలయంలో దాచిపెట్టారు. 1999లో ఈ సంగతంతా ఒక పుస్తకంగా వచ్చాకనే లోకానికి వివరంగా తెలిసింది. హెస్లప్ హారిసన్ ప్రకటించిన అరుదైన మొక్కలలో చాలావాటిని బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పుడు లెక్కలోకి తీసుకోరు.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, చెప్పినది ఎంత పెద్దవారైనా సాక్ష్యం చూడాలి. రెండు, మొక్క ఒక్కటే సాక్ష్యం కాదు. దాని పక్కనున్న మట్టీ, గడ్డీ, మొలకలూ కూడా సాక్షులే.

మూడో ప్రశ్న: ఎప్పటినుంచో ఉందా?

చాలా సందర్భాలలో అసలు జవాబు ఇదే. మొక్క ఎక్కడికీ కదలలేదు, మనమే చూడలేదు. పటం మీద మనం గీసే వ్యాప్తి నిజానికి మొక్క ఉన్న చోట్ల పటం కాదు, మనుషులు వెతికిన చోట్ల పటం.

దీనికి మన పక్క ప్రాంతాల నుంచే ఒక ఉదాహరణ చూడండి. నీలకురింజి అనే పొద పశ్చిమ కనుమలలోని ఎత్తైన గడ్డి మైదానాల్లో పెరుగుతుంది. పన్నెండేళ్ళకు ఒకసారి కొండంతా ఒకేసారి పూసి, విత్తనాలు రాల్చి, చచ్చిపోతుంది. కేరళలోని మున్నారు దగ్గర 1982, 1994, 2006, 2018 సంవత్సరాలలో పూసింది. నీలగిరులకు ఆ పేరు ఈ పూల వల్లనే వచ్చిందని చెబుతారు. దీన్ని పశ్చిమ కనుమల మొక్క అనే అందరూ అంటారు. కాని తూర్పు కనుమల్లోకి వచ్చే సేలం జిల్లా షెవరాయ్ కొండల్లోనూ, తెలుగువారు ఎక్కువగా నివసించే బళ్ళారి జిల్లాలోని సండూరు కొండల్లోనూ కూడా ఇది ఉన్నట్టు నమోదయింది. సండూరు కొండలు మున్నారు కొండలంత ఎత్తైనవి కావు. అంతేకాక, ఆ కొండలు ఇనుప ఖనిజపు గనులకు పేరుపడినవి.

పన్నెండేళ్ళలో పదకొండేళ్ళు ఈ పొద వట్టి ఆకులతో ఉంటుంది. దీని ప్రజాతికే చెందిన వేరే పొదలు తూర్పు కనుమల్లో ఉన్నాయి. పూలు లేనప్పుడు వాటి మధ్య దీన్ని గుర్తుపట్టడం తేలిక కాదు. ఒక వృక్షశాస్త్రజ్ఞుడు పూయని ఏడాది ఆ కొండ ఎక్కి దిగిపోతే ఆయన జాబితాలో కురింజి పేరు ఉండకపోవచ్చు. జాబితాలో లేనంత మాత్రాన కొండ మీద లేదని కాదు!

పాత రికార్డులు కూడా ఒక్కోసారి ఇబ్బంది పెడతాయి. మన తీరపు మొక్కలను శాస్త్రీయంగా వర్ణించినవారిలో ప్రముఖుడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉండి అక్కడ ఒక తోట పెంచాడు. ఇక్కడివారిని అడిగి తెలుగు పేర్లు రాసుకున్నాడు. సోమిద చెట్టు శాస్త్రీయ నామంలోని 'సోయ్మిడా' అనే మాట అలా వచ్చినదే. కాని ఆయన చాలా మొక్కలకు నివాసం 'సర్కారు కొండలు' అని మాత్రమే రాశాడు. సర్కారు కొండలంటే గంజాం నుంచి గుంటూరు దాకా ఎక్కడైనా కావచ్చు. అది 'ఏలూరు దగ్గర ఒక ఊరు' అని ఉత్తరం మీద రాసినట్టే. పోస్టుమాన్ ఎంత వెతికినా ఇల్లు దొరకదు.

కొండ సాంబ్రాణి అనే చెట్టు సంగతి కూడా చెప్పుకోవాలి. దానికి 1961లో శాస్త్రీయ నామం పెట్టినప్పుడు తిరుమల కొండలే దాని చిరునామా. తరువాత వెతికినవారికి అది నల్లమలలో కూడా కనిపించింది. అప్పుడు చెట్టు కొత్తగా నడిచి వచ్చిందా? లేదు. మనిషి నడిచి వెళ్ళాడు.

నాలుగో ప్రశ్న: అంత దూరం ఎలా చేరింది?

కొన్ని మొక్కల విషయంలో మాత్రం 'మనం చూడలేదు' అన్న జవాబు సరిపోదు. ఎర్రని పూలగుత్తులు పూసే రోడోడెండ్రాన్ అనే చెట్టు హిమాలయాల్లో పెరుగుతుంది. అదే జాతి మళ్ళీ నీలగిరులలోనూ, పళని కొండల్లోనూ, శ్రీలంక కొండల్లోనూ ఉంది. మధ్యలో సుమారు రెండు వేల కిలోమీటర్ల మేర లేదు. గంగా మైదానం, దక్కను పీఠభూమి దానికి పడని వేడి ప్రాంతాలు. అంత దూరం దాటి దక్షిణానికి ఎలా వచ్చింది?

మళ్ళీ కొల్లేటికి వద్దాం. వర్షాకాలంలో విడివిడిగా ఉన్న లంకల మధ్య, మండు వేసవిలో నీరు తగ్గాక ఏం జరుగుతుంది? పడవ తిరిగిన చోట మనుషులు నడిచిపోతారు. పశువులు మేస్తాయి. మళ్ళీ నీరు వస్తే లంకలు ఎప్పటిలా విడిపోతాయి. వేసవిలో దాటి వెళ్ళినది అవతలి లంక మీదే ఉండిపోతుంది.

భూమి మీద అటువంటి కాలాలు వచ్చాయి. గడిచిన మంచు యుగం సుమారు 20,000 ఏళ్ళ క్రితం తీవ్రస్థాయిలో ఉండేది. అప్పుడు భూమి సగటు ఉష్ణోగ్రత ఇప్పటికంటే ఐదారు డిగ్రీలు తక్కువ. మన లెక్క ప్రకారం ఐదారు డిగ్రీలంటే ఎత్తులో ఎనిమిది, తొమ్మిది వందల మీటర్లు. అంటే ఇప్పుడు శిఖరం మీద మాత్రమే దొరికే చల్లదనం అప్పుడు కొండ నడుము దాకా దిగివచ్చింది. చుట్టూ ఉన్న 'వేడి నీరు' మట్టం తగ్గింది. విడివిడిగా ఉన్న లంకలు దగ్గరయ్యాయి. కొండల వరుసల వెంట మెట్టు మెట్టుగా మొక్కలూ జంతువులూ జరిగిపోవడానికి వీలు కలిగింది. వాతావరణం మళ్ళీ వేడెక్కాక అవి శిఖరాలకు ఎక్కి అక్కడే చిక్కుబడ్డాయి.

చేపల నిపుణుడు సుందర్ లాల్ హోరా 1949లో ఇటువంటి ఆలోచననే ముందుకు తెచ్చారు. తూర్పు హిమాలయాల వాగుల్లోని చేపలకూ పశ్చిమ కనుమల వాగుల్లోని చేపలకూ దగ్గరి పోలిక ఉంది. పూర్వం అవి మధ్య భారతంలోని వింధ్య, సాత్పురా కొండల వరుస మీదుగా దక్షిణానికి వచ్చి ఉంటాయని ఆయన ఊహ. దీన్ని సాత్పురా సిద్ధాంతం అంటారు. మొక్కలకూ దీన్ని అన్వయించి చూసినవారున్నారు.

అందరూ దీన్ని ఒప్పుకోలేదు. రోడోడెండ్రాన్ విత్తనాలు ధూళిలా చిన్నవి, గాలే మోసుకొచ్చి ఉండవచ్చు గదా అనేది మరో వాదం. ఏది సరైనదో పరీక్షించే మార్గం ఈ రోజుల్లో ఉంది. జీవకణాల్లోని డి.ఎన్.ఎ.ను పోల్చి చూస్తారు. రెండు చోట్ల మొక్కలు ఇటీవలే విడిపోయి ఉంటే తేడాలు చాలా తక్కువగా ఉంటాయి. వేల తరాలుగా విడిగా బతుకుతూ ఉంటే తేడాలు పోగుపడతాయి. ఒకే తాత పిల్లలు వేర్వేరు ఊళ్ళలో స్థిరపడితే కాలం గడిచేకొద్దీ మాటల యాస మారినట్టు. కొత్త చోట దొరికిన ఏ కొండ మొక్కకైనా ఈ పరీక్ష చేయవచ్చు. ఎవరైనా తెచ్చి నాటిన మొక్క అయితే అది కూడా తరచు ఇందులోనే బయటపడుతుంది.

ఒక చుక్క విలువ

'మొక్క ఒక కొండ మీద ఉంటేనేం, రెండు కొండల మీద ఉంటేనేం?' అని మీరు అడగవచ్చు. తేడా చాలా ఉంది.

ఒక్క కొండకే పరిమితమైన మొక్కకు ఒక్క కార్చిచ్చు చాలు, ఒక్క గని చాలు. రెండో కొండ మీద కూడా ఉంటే అది విత్తనాల బిందె రెండో ఇంట్లో దాచినట్టు. ఒక ఇల్లు కాలినా వంశం నిలుస్తుంది. అందువల్ల పటం మీద పెట్టే ప్రతి కొత్త చుక్కా విలువైనది. అయితే అది నిజమైన చుక్క కావాలి. పొరపాటు చుక్క మొక్కకు మేలు కన్నా కీడే చేస్తుంది. 'ఫలానా చోట కూడా ఉంది కదా, ఇక్కడ పోయినా ఫరవాలేదు' అనుకుని ఉన్న ఒక్క చోటునూ కాపాడటం మానేస్తారు. అందుకే శాస్త్రజ్ఞులు ఇంత పట్టుబట్టి సాక్ష్యం అడుగుతారు.

పేరిత విషయమే చూడండి. మగ శంకువులను మందుల కోసం కోసుకుపోవడం వల్ల అది అరుదైపోయింది. మగ శంకువు లేకపోతే పుప్పొడి లేదు, పుప్పొడి లేకపోతే ఆడ మొక్కలో గింజ కట్టదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1991లో సవరించి మొక్కలకూ రక్షణ కల్పించినప్పుడు మొదటి జాబితాలో ఆరే పేర్లు ఉన్నాయి. వాటిలో మన పేరిత ఒకటి.

మన గోదావరి ఒడ్డునే మరో ఉదాహరణ ఉంది. ఉసిరి, నేల ఉసిరిల ప్రజాతికి చెందిన ఒక చిన్న మొక్కను పాపికొండల ప్రాంతానిదిగా 1925లో గాంబుల్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. అక్కడి మొక్కలను సేకరించిన నారాయణస్వామి పేర దాన్ని 'ఫిల్లాంథస్ నారాయణస్వామీ' అంటారు. పాపికొండల అడవిని 2008లో జాతీయ వనంగా ప్రకటించారు. అయితే పోలవరం జలాశయం నిండినప్పుడు ఆ లోయలో పల్లపు అడవి కొంత మునుగుతుంది. కనుక ఏ మొక్క ఏ ఎత్తులో ఉంది, నీరు అందని మరో కొండ మీద కూడా ఉందా అనేది ముందుగా తెలిసి ఉండటం ఎంత అవసరమో ఆలోచించండి. ఇక్కడ ఒక కొత్త చుక్క ఒక జాతి ప్రాణం కావచ్చు.

మీరు ఏం చేయవచ్చు?

పాపికొండలకో, అరకుకో, గుంటుపల్లి గుహలున్న గుట్టలకో విహారయాత్రకు వెళ్ళినప్పుడు ఎక్కడా చూడని మొక్క కనిపిస్తే పీకవద్దు. రక్షిత అడవిలో మొక్కను తీయడం చట్టవిరుద్ధం. అంతకన్నా ముఖ్యం, మీరు పీకినది ఆ కొండకు ఆఖరి మొక్క కావచ్చు. నమూనా అవసరమైతే అనుమతి ఉన్న శాస్త్రజ్ఞులు వచ్చి తీసుకుంటారు. మీరు చేయవలసినవి ఇవి:

1. మొక్క మొత్తానికి, ఆకు పైభాగానికి, అడుగుభాగానికి, పువ్వుకు, కాయకు వేరువేరుగా ఫోటోలు తీయండి. పక్కన ఒక స్కేలు ఉంచితే పరిమాణం తెలుస్తుంది.

2. తేదీ, చోటు, ఎత్తు, నేల రకం, ఎండా నీడా, దగ్గరలో నీరు ఉందా అన్నది నోటుబుక్కులో అక్కడే రాయండి. ఇంటికి వచ్చాక రాద్దామనుకుంటే సగం మరచిపోతారు.

3. అటువంటి మొక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. చిన్న మొలకలు, ముదిరిన మొక్కలు రెండూ ఉంటే అది అక్కడ సొంతంగా సంతానం పెంచుకుంటోందన్నమాట. ఒక్కటే మొక్క, అదీ దారి పక్కనో, పాత బంగళా దగ్గరో, గుడి తోటలోనో ఉంటే నాటినదేమోనని అనుమానించాలి.

4. చుట్టూ పెరిగే మొక్కలను కూడా రాయండి. రేవెన్ చూసినది అదే.

5. అక్కడి కొండరెడ్లను, కోయలను దాని పేరు, ఉపయోగం అడగండి. శాస్త్రజ్ఞులకు 'కొత్తగా' దొరికిన మొక్కకు వాళ్ళ దగ్గర తాతల నాటి పేరు ఉండవచ్చు.

6. ఈ వివరాలన్నీ మీ సైన్సు ఉపాధ్యాయుల ద్వారా దగ్గరి కళాశాల వృక్షశాస్త్ర శాఖకు గాని, హైదరాబాదులోని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కను ప్రాంతీయ కేంద్రానికి గాని పంపండి. జాతి తేలేదాకా కచ్చితమైన చోటును అందరికీ చాటవద్దు. అరుదైన మొక్కలను అమ్ముకునేవారు కూడా ఆ మాట వింటారు.

కొండ దాకా వెళ్ళలేనివారు ఊళ్ళోనే సాధన చేయవచ్చు. మీ మండలం పటం ఒకటి పెద్ద కాగితం మీద గీయండి. తుంగలో ఒక రకాన్నో, కాలువ గట్టున పెరిగే మరో మొక్కనో ఎంచుకోండి. తరగతిలోని పిల్లలంతా తమ ఊరిలో అది కనిపించిన ప్రతి చోటా ఒక నల్ల చుక్క పెట్టండి. వెతికినా కనిపించని చోట సున్న చుట్టండి. ఎవరూ వెళ్ళి చూడని చోటును ఖాళీగా వదిలేయండి. ఏడాది తరువాత ఆ పటాన్ని చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. ముఖ్యంగా సున్నకూ ఖాళీకీ ఉన్న తేడా తెలుస్తుంది. సున్న ఉన్న చోట ఎవరో వెళ్ళి వెతికారు. ఖాళీ ఉన్న చోటికి ఇంకా ఎవరో వెళ్ళాలి.